నమస్తే పెట్టని పాస్టరు

ఎదురుపడితే మొహం తిప్పుకునే మనిషి చావుకు జనగామ నుంచి భూపాలపల్లి దాకా ఎవరైనా పోతారా? నేను పోయాను. బస్సులు మారి, మోకాళ్లు పట్టేసి, దారి పొడుగునా ఆయన్ని తిట్టుకుంటూ పోయాను. బతికున్నప్పుడు తిడితే నవ్వేవాడు. ఇప్పుడు నవ్వేవాడు లేక తిట్లలో పస పోయింది.

ఆయన్ని నేను అన్న అనేదాన్ని. ఇక్కడా అన్న అనే రాస్తాను. పేరు రాస్తే ఆయనకు నచ్చదు. పోయినవాడికి నచ్చకపోతే ఏం అంటారేమో, నాకు అలవాటు తప్పలేదు.

అన్న మానుకోటలో పాస్టరు. గవర్నమెంటు బోర్డుల మీద ఆ ఊరు మహబూబాబాద్, మా నోళ్లలో మాత్రం మానుకోటే. ప్రసంగం గొప్పగా చెప్పేవాడేమీ కాదు. సన్నటి గొంతు, వెనక బెంచీల వాళ్లకు సగమే వినబడేది. వినబడని సగం కోసం ఎవరూ బెంగపడిన దాఖలా లేదు. ఆయన అసలు పని చెప్పడం కాదు, వినడం. కష్టంలో ఉన్న మనిషి వచ్చి కూచుంటే వినేవాడు. చదువుకున్నవాళ్లు దీన్ని పాస్టోరల్ కౌన్సెలింగ్ అంటారు. నేను జనగామలో బీఎడ్ కాలేజీలో సైకాలజీ చెప్తాను. ఈ పని చేసేవాళ్లకు సభ్యత్వం, సర్టిఫికెట్ ఇచ్చే అసోసియేషన్ ఒకటి సిటీలో ఉంటే, అందులో సభ్యురాలిని కూడా. ఆయనకూ నాకూ మధ్య జరిగిన గొడవలన్నీ ఆ సర్టిఫికెట్ చుట్టూ తిరిగినవే.

ముందు ఆయన పొగరు గురించి చెప్పాలి. మానుకోటలో ఎవరినడిగినా అదే ముందు చెప్తారు. నమస్తే పెట్టని పాస్టరు. ఒకసారి స్టేషన్ ముందరి కూరగాయల బజారులో కనబడితే "అన్నా, నమస్తే" అన్నాను. ఆయన టమాటాల కుప్పను చూశాడు. నన్ను చూడలేదు. టమాటాలు ఆయనకు మేనమామ బిడ్డలన్నంత ఆప్యాయంగా ఒక్కొక్కటీ తిప్పి చూసి, సంచీ ఊపుకుంటూ వెళ్లిపోయాడు. పక్కన కొత్తిమీర అమ్మే ఆమె నా మొహం చూసి జాలిపడింది.

"గాయన గంతే బిడ్డా. ఎవ్వల్ని దేకడు. దేవుని నౌకరి గదా, మనం కంటికి ఆనం."

తర్వాత కడిగేశాను. నింపాదిగా విన్నాడు.

"నిన్ను పలకరిచ్చి నీ పక్కామెను పలకరియ్యకపోతే, ఇద్దరిల ఎవలు నా కాడికొచ్చిన్రో బజారుకు తెలిసిపోదా చెల్లె?"

"అయితే అందరినీ పలకరించు. ఎవరొద్దన్నారు?"

"గదీ జేసి చూసిన. నా కాడ ఏడ్చిపోయినోళ్లకు నేను ఎదురైతే కండ్లు కిందికి పడ్తయి. పక్కనున్నోడు గది చూస్తడు. నేనే చూడకపోతే వాళ్ల కండ్లు వాళ్ల తాననే ఉంటయి. నన్ను పొగరుబోతు అంటే నాదేం పోయింది?"

ఈ మనిషితో వాదించి గెలవడం కష్టమని అప్పుడే తెలియాల్సింది. నాకు తెలిసినా ఆగే గుణం లేదు.

ఆయన్ని మొదట చూసింది జనగామలోనే. పాస్టర్లకు ట్రైనింగు క్లాసులు పెట్టి, నన్ను ఒక పూట మాట్లాడమన్నారు. అంశం గోప్యత. మన దగ్గర చెప్పుకున్న మాట మన దగ్గరే ఉండాలని, అది ఈ వృత్తికి పునాది అని, మధ్యాహ్నం భోజనాలయ్యాక కునుకు తీసే పాస్టర్ల ముందు చెప్తున్నాను. బచ్చన్నపేట నుంచి వచ్చిన ఒకాయన ధైర్యంగా చెయ్యెత్తాడు.

"మేం ఎవలకు చెప్తం మేడం? ప్రార్థనల పెడ్తం, గంతే."

అందరూ అవునవునని తలలూపారు. ఒక్కరికీ నవ్వు రాలేదు. నాకు ఒళ్లు మండింది. మా చర్చిల్లో ఆదివారం ఆరాధన మధ్యలో ప్రార్థన విన్నపాలని ఉంటాయి. ఫలానా సహోదరి భర్త తాగుతున్నాడు, ఫలానా వారి బిడ్డ అత్తగారింటికి పోనంటున్నది, అందరం ప్రార్థన చేద్దాం. పేరు, ఇంటి గుర్తు, కష్టం, అన్నీ మైకులో. మంచి మనసుతోనే చదువుతారు, అదే బాధ. పాస్టరు చెవిలో పడ్డ మాట వారం తిరగకుండా మైకులోకి వస్తుంది, మైకులోంచి మంచినీళ్ల నల్లా దాకా పోతుంది.

ఆ రోజు నేను పాఠం పక్కన పెట్టి నా కథే చెప్పాను. నాకు పెళ్లైన కొత్తలో కడుపు పండలేదు. మా అత్త ఎంతో ప్రేమతో పోయి పాస్టరుకు చెప్పింది. ఇక ప్రతి ఆదివారం నా పేరు, నా గర్భం, మైకు. చిన్నపిల్లలు కూడా కళ్లు మూసుకుని నా కడుపు గురించి ఆమెన్ అనేవాళ్లు. ఇది చెప్తుంటే పాస్టర్లు నేల చూపులు చూశారు. వెనక వరసలో గోడకానుకుని కూచున్న సన్నటి మనిషి ఒకాయన లేచాడు.

"అప్పుడు మీరు ఎటు చూస్తుండె మేడం?"

"ఏంటి?"

"మీ పేరు సదివినప్పుడు. కండ్లు ఏడ పెట్టుకుంటుండె?"

ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. నా మొగుడు కూడా అడగలేదు. "ఫ్యాను దిక్కు" అన్నాను.

"అగో, గది" అన్నాడాయన, మిగతావాళ్లకు చూపిస్తున్నట్టు. అని కూచున్నాడు. నేను అప్పటిదాకా దంచిన ఉపన్యాసమంతా ఆ రెండు మాటల ముందు వెలవెలబోయింది. కోపమొచ్చింది కూడా, నిజం చెప్పాలంటే.

మానుకోటలో ఆయన గది చర్చికి ఆనుకుని ఉండేది. క్రిస్మస్ స్టార్ల చట్రాలు, మూగబోయిన హార్మోనియం, చిరిగిన చాపలు వేసుకునే కొట్టు గది అది. అందులో రెండు కుర్చీలు. రెండూ ఎదురెదురుగా కాకుండా, కిటికీ వైపు తిరిగి పక్కపక్కనే. కిటికీ అవతల పంక్చరు దుకాణం వెనక గోడ, దానికి ఆనించిన పాత టైర్లు. వచ్చినవాళ్లూ ఆయనా ఆ టైర్లను చూస్తూ మాట్లాడుకునేవాళ్లు.

"మొకం జూసుకుంట మనిషి ముచ్చట చెప్పడు, నటిస్తడు. టైరును జూసుకుంట ఎవడు నటిస్తడు?" అనేవాడు.

చేతి గడియారం తీసి జేబులో వేసుకునేవాడు. చాయ్ బయటినుంచి తెప్పించేవాడు కాదు. ఎన్ని గ్లాసులు పోయాయో హోటలాయన లెక్క కడతాడట. ఇంటినుంచి ఫ్లాస్కు తెచ్చుకునేవాడు. ఆ ఫ్లాస్కు వేడిని నిలిపిన పాపాన పోలేదు. ఎవరైనా గట్టిగా ఏడిస్తే ఓదార్చేవాడు కాదు, ఆగేదాకా ఉండేవాడు. ఆగాక, "ఇయ్యాలటికి చాలు. ఇంటికి పోయి జర పుల్లటిది తిను. ఏడ్చినంక నోరు చప్పగైతది" అని పంపేవాడు. ఏ పుస్తకంలో ఉంది ఈ వైద్యం అని అడిగాను. "మా ఇంట్ల చింతకాయ తొక్కు జాడిల ఉన్నది" అన్నాడు.

నేనూ ఒకసారి ఆ కుర్చీలో కూచున్నాను, టైర్లను చూస్తూ. ఎందుకో రాయను. ఇంటికొచ్చి చింతకాయ తొక్కు తిన్న మాట వాస్తవం.

వదినకు, అంటే ఆయన భార్యకు, ఈ గోప్యత మీద పీకల దాకా కోపం. పాస్టరు పెళ్లామంటే ఊరి కబుర్లన్నీ ముందు ఆమె వంటింట్లో దిగాలి కదా.

"మా ఇంట్లకు ఒక్క ముచ్చట రాదు చెల్లె. ఎవలింట్ల ఏమైందో ఊరంత తెలిసినంక, మా కట్టెలమ్మేటామె చెప్తే నాకెరుక. గీయన ముందుగాలనే తెలిసి గుడ్లప్పగిచ్చి చూస్తడు. నవ్వడు, అయ్యో అనడు. గోడకు పెండ్లైనట్టున్నది నాకు" అనేది.

ఆయన అన్నం కలుపుకుంటూ "గోడ మంచిదే గదనే, మీద పడదు" అనేవాడు.

ఇటువంటి మనిషికి సర్టిఫికెట్ మీద ఎంత ఆశో చెప్తే నమ్మరు. కాగితాన్ని లెక్కచేయని మహాత్ముడని ఆయన్ని చిత్రించాలని ఉంటుంది కొందరికి. చావు రోజున ఒకరిద్దరు ఆ పని మొదలుపెట్టారు కూడా. అది అబద్ధం. ఆ సభ్యత్వం కార్డు, ఆ ఫ్రేము కట్టిన సర్టిఫికెట్ ఆయనకు గట్టిగా కావాలి. ఎందుకంటే చర్చి పెద్దలు ఊరుకునేవాళ్లు కాదు. ఫలానా ఆమె నీ దగ్గరికొచ్చిందట, ఏం చెప్పింది? మా సంఘంలో మనిషే కదా, పెద్దలకు తెలియొద్దా? రోజూ ఎవరో ఒకరు.

"లేదు, చెప్ప అంటే, నాకు పొగరంటరు. పెద్దల మీద గౌరవం లేదంటరు. అదే గోడ మీద కాగితం ఉంటే, 'నేను కాదయ్యా, నియమం ఒప్పుకోది, చెప్తే నన్ను అసోసియేషన్ల నుంచి తీసేస్తరు' అని చూపెడ్త" అనేవాడు.

అర్జీ పెట్టించింది నేనే. ఆయన పనిని చూసిన సభ్యురాలిగా సిఫారసు సంతకం నాదే. ఇంటర్వ్యూకి వెంట పోయిందీ నేనే. అక్కడ పద్ధతేమిటంటే, తను చూసిన ఒక మనిషి కథను పేరు మార్చి, ముగ్గురు సభ్యుల ముందు వివరంగా చెప్పాలి. ఆ మనిషి ఏమన్నాడు, నువ్వేమన్నావు, ఎందుకలా అన్నావు. దాన్నిబట్టి నీకు ఈ పని వచ్చో రాదో వాళ్లు తేలుస్తారు. నాకిందులో తప్పేమీ కనబడదు, ఇప్పటికీ. కొట్టే మొగుడి దగ్గరికే మళ్లీ పొమ్మని వాక్యం చదివి పంపించే మహానుభావులు మా జిల్లాలోనే ఉన్నారు. వాళ్లను ఏరెయ్యాలంటే ఎవరో ఒకరు పని చూడాలి కదా.

పేరు మారిస్తే సరిపోతుందని పోయే ముందు నూరిపోశాను. ఆయనకు నచ్చలేదు.

"పేరు మార్చుడంటే గొర్రెకు రంగేసినట్టు చెల్లె. మందల ఇంక జల్ది దొరుకుతది."

"సిటీ వాళ్లకు మన గొర్రెలు తెలియవన్నా. నోరు మూసుకుని చెప్పు" అన్నాను. నోరు మూసుకుని ఎలా చెప్పాలో ఆయనడగలేదు, దయ తలిచి.

ఆ గదిలో టేబులుకు అటు ముగ్గురు. చైర్మన్‌గా ఉన్న పెద్దాయన, ఒక మేడం, ఒక కుర్ర డాక్టరు. నన్ను మూలన ఒక కుర్చీలో కూచోబెట్టారు, మాట్లాడొద్దనే షరతు మీద. అది నాకు ఎంత శిక్షో వాళ్లకు తెలియదు.

"చెప్పండి పాస్టరుగారూ, మీ కేసు" అన్నాడు చైర్మను.

అన్న గడియారం తీసి జేబులో వేసుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"సార్, మీదే ఊరు?"

చైర్మను నవ్వాడు. "మాది గుంటూరండీ. మీ భాష భలే ఉంటుంది సుమండీ, వినడానికి."

సినిమాలో కామెడీ వచ్చినట్టు నవ్వాడు. నాకు నోరు దురద పెట్టింది. అన్న పట్టించుకోలేదు.

"మంచిది సార్. మేడం, మీది?"

"సికింద్రాబాద్."

"అత్తగారిది?"

"అదీ ఇక్కడే." ఆమెకు ఏమర్థమైందో, చీర సర్దుకుంది.

"డాక్టర్ సాబ్?"

"నేను పుట్టిందీ పెరిగిందీ హైదరాబాదే అన్నా."

"అంతకు ముందల? నాయినోళ్లది?"

"నాన్నది స్టేషన్ ఘన్‌పూర్."

"పెండ్లయ్యిందా?"

"అయింది."

"అత్తగారిది?"

"కేసముద్రం."

కేసముద్రం మానుకోట పక్క మండలం. అన్న జేబులోంచి గడియారం తీసి మళ్లీ చేతికి పెట్టుకున్నాడు. అది చూడగానే నాకు అర్థమైపోయింది, పని చెడిందని.

"అయితే నేను చెప్పలేను సార్."

చైర్మను నిజంగా మంచివాడే, కోప్పడలేదు. "మేమందరం గోప్యతకు కట్టుబడ్డవాళ్లమండీ. ఈ గది దాటి మాట పోదు."

"మాట పోది సార్. డాక్టర్ సాబ్ రేపు పండుగకు అత్తగారింటికి పోతడు. ఆడ అన్నం బంతిల నేను చెప్పిన మనిషి ఎదురుంగ కూసుంటది. సాబ్ ఒక్క మాట అనడు. కానీ ఆమెను రెండోపారి చూస్తడు. గా చూపు చాలు."

డాక్టరు చేతిలోని పెన్నుకు మూత పెట్టాడు. అతను సగం ఒప్పుకున్నట్టే నాకనిపించింది.

"మరి మీరెట్లా పని చేస్తారో చూడకుండా, బాగా చేస్తారని మేమెట్లా రాసిస్తాం?" అని మేడం అడిగింది. న్యాయమైన ప్రశ్న. నేనైనా అదే అడిగేదాన్ని.

అన్న తలూపాడు. "గదీ నిజమే మేడం" అన్నాడు. లేచి నమస్తే పెట్టాడు. ఆయన ఎవరికైనా నమస్తే పెట్టడం నేను చూడడం అదే మొదలు.

తిరుగు రైల్లో ఆలేరు దాకా ఆయనతో మాట్లాడలేదు. అది దాటాక ఆగలేకపోయాను.

"నీకు సర్టిఫికెట్ కావాల్నా, వద్దా?"

"కావాలె."

"మరి కేసముద్రంలో ఆయన అత్తగారుంటే నీకెందుకు? లక్షమంది ఉంటారు. ఎవరో ఒకరి కథ, నాలుగు ముక్కలు. నువ్వు చెప్పేదాకా వాళ్లకు తోచనిదాన్ని నువ్వే తోచేటట్టు చేసొచ్చావు. నీ ఒక్కడి మంచితనం చూసి నియమాలు రాయరన్నా. రేపు ఒక దొంగ వచ్చి 'నేనూ చెప్పలేను' అంటే వాడికీ ఇవ్వాలా?"

"ఇయ్యొద్దు" అన్నాడు. "నియమం కరెక్టే."

"మరి?"

ఆయన కిటికీ వైపు చూశాడు. బయట పత్తి చేన్లు పోతున్నాయి. ఆయన మొహం అంత వాడిపోయి ఎప్పుడూ చూడలేదు.

"రోజు 'చెప్ప' అని చెప్పుడు ఎంత అలుపో నీకు తెల్వది చెల్లె. ఒగలు కాకపోతే ఒగలు అడుగుతనే ఉంటరు. కాగితం ఉంటే, గదే చెప్తది 'లేదు' అని. నేను జర కూసుంట గదా. ముచ్చట దాచేటందుకు గా కాగితం కావాలె నాకు. గా కాగితానికి ఒక ముచ్చట చెప్పాలెనట. ఏం జెయ్యమంటవ్?"

నాకప్పుడు గొప్ప ఉపాయం తట్టింది. తట్టినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

"నాది చెప్పు. నేను ఒప్పుకుంటున్నా. నా పేరుతోనే చెప్పు, సంతకం పెట్టిస్తా. నా కథకు నాకన్నా హక్కున్నవాళ్లు ఎవరున్నారు?"

ఆయన నా వైపు తిరిగాడు. చాలాసేపు చూశాడు. టైర్లను చూసే మనిషి అలా సూటిగా చూస్తే ఇబ్బందిగా ఉంటుంది.

"నీది నీ ఒక్కదానిదేనా? నీ ముచ్చట్ల ఇంక ముగ్గురున్నరు. వాళ్లనెవలు అడగాలె?"

జనగామ వచ్చేసింది. దిగిపోయాను. ఆ ప్రశ్నకు జవాబు ఇన్నేళ్లుగా వెతుకుతున్నాను, దొరకలేదు. దొరికినా చెప్పడానికి ఇప్పుడు మనిషి లేడు.

ఆ తర్వాత వచ్చింది అసలు పరీక్ష. చర్చి పెద్దల్లో ఒకాయన కోడలు అన్న దగ్గరికి వెళ్లి మాట్లాడిందట. ఇది రహస్యం కాదు, ఆ పెద్దాయనే చర్చి ముందు నిలబడి వీధి వీధంతా వినబడేలా అరిచాడు కాబట్టి రాస్తున్నాను. వదినకు ముందుగా తెలిసిన ముచ్చట అదొక్కటే. వెంటనే నాకు ఫోను చేసి చెప్పింది.

"మా ఇంటి కోడలు నీ కాడ ఏం మొరపెట్టుకున్నది? నాకు తెల్వాలె."

"చెప్ప పెద్దయ్యా."

"నా కోడలు! నా ఇల్లు! చెప్పొద్దని ఏ సర్కారు రాసిచ్చింది నీకు? కాగితముంటే చూపియ్యి."

అన్న వెనక్కి తిరిగి, తెరిచున్న తలుపులోంచి తన గది గోడ చూశాడట. కాగితం ఉండాల్సిన చోట కిందటేడు క్యాలెండరు ఉంది.

"కాగితం లేదు పెద్దయ్యా" అన్నాడు. "అయినా చెప్ప."

పెద్దలు మీటింగు పెట్టుకున్నారు. పాస్టరు సహకరించడం లేదన్నారు. ఆయన్ని భూపాలపల్లి వైపు బదిలీ చేశారు. కాగితం ఉండి ఉంటే పెద్దాయన ఆగేవాడా? ఆగేవాడు కాదని నాకు నమ్మకం. అటువంటి మనుషులు కాగితాన్ని చదవరు, చింపుతారు. ఆ మాట మాత్రం అన్నకు ఎప్పుడూ చెప్పలేదు. ఆయనకున్న ఆశ ఆ కాగితమొక్కటే.

భూపాలపల్లికి ఒకసారి పోయాను. బొగ్గు బాయి క్వార్టర్ల దగ్గర చిన్న చర్చి. అక్కడి గదికి కిటికీ లేదు. రెండు కుర్చీలూ ఖాళీ గోడకు ఎదురుగా వేసుకున్నాడు. మనిషి సగమయ్యాడు. షుగరు, బీపీ, వారం విడిచి వారం దవాఖాన. అదే ఫ్లాస్కు, అదే చల్లారిన చాయ్.

"ఈడ మంచిగనే ఉన్నది చెల్లె. షిఫ్టు దిగి వస్తరు. గంత అలిసిపోయినోడు అబద్ధం ఆడలేడు" అన్నాడు. ఏమీ కానట్టు అడిగాడు, "అసోసియేషనోళ్లు నియమం ఏమన్న మార్చిన్రా?"

"లేదన్నా."

"మంచిదే. మార్చొద్దు" అన్నాడు. గ్లాసులో మిగిలిన చాయ్ తాగేశాడు. "నా అసుంటోని కోసం తలుపు తీస్తే, నా ఎనుక ఎవడు జొరబడ్తడో." 

అదే ఆఖరు చూపు. చనిపోయాడని వదిన ఫోను చేసింది. భూస్థాపన నాటికి అందుకోలేకపోయాను, ఆదరణ కూడికకు వెళ్లాను. మా వాళ్లలో మనిషి పోయాక ఇంటివాళ్లను ఓదార్చడానికి పెట్టే ప్రార్థన అది. పాటలు, వాక్యం, ఆ తర్వాత సాక్ష్యాలు. పోయినవాళ్ల వల్ల మనకు జరిగిన మేలు నలుగురి ముందు లేచి చెప్పాలి. పాస్టరు చనిపోతే ఈ సాక్ష్యాలు పొద్దుగూకినా తెగవు. మైకు కోసం కొట్టుకుంటారు.

షామియానా నిండిపోయింది. కుర్చీలు చాలక జనం ఎండలో నిలబడ్డారు. ఆ క్వార్టర్ల వాళ్లే కాదు. పట్టుచీర ఆమె ఒకతె, చెప్పులు విడిచి చేతిలో పట్టుకున్న కూలి మనిషి ఒకాయన, తండా నుంచి వచ్చి ఎవరికి వారే తమ భాషలో గొణుక్కుంటున్న ఇద్దరు ముసలమ్మలు, నుదుట బొట్టుతో టీచరులా ఉన్న ఒకామె. విడివిడిగా నిలబడ్డారు. ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు. ఆ పెద్దాయన కోడలు కూడా వచ్చిందేమో. ఆమె మొహం నాకు తెలియదు.

వదిన నా పక్కకొచ్చి చెవిలో అడిగింది. "గీళ్లంత ఎవలు చెల్లె?"

"నాకు తెల్వది వదినా."

"నాకూ తెల్వది. ఎన్నడు చూడలే. పొద్దుగాల నుంచి వస్తనే ఉన్నరు. ఇగ బియ్యం ఇంకింత పోయించిన." కళ్లు తుడుచుకుంది. "సచ్చినంక గూడ ఒక్క ముచ్చట చెప్పకపాయె ముసలోడు."

కూడిక నడిపిస్తున్న కుర్ర పాస్టరు మైకు పట్టుకున్నాడు. "అన్నగారి సేవ ద్వారా మేలు పొందినవారు వచ్చి సాక్ష్యం చెప్పాలని ప్రభువు పేరట కోరుతున్నాం."

ఎవరూ లేవలేదు.

"సిగ్గుపడొద్దు. రెండు మాటలు చాలు."

షామియానా గుడ్డ గాలికి కొట్టుకుంటోంది. జనం నేలను, స్తంభాలను, చేతులను చూసుకుంటున్నారు. కుర్ర పాస్టరు ఇబ్బంది పడ్డాడు. "ఒక్కరన్నా... అన్నగారు ఇన్నేండ్లు సేవ చేసిండ్రు. ఒక్క ఫలమన్న లేదా?"

లేచాను. ఇలాంటి చోట లేవకుండా ఎప్పుడున్నాను గనక? ఒక్క ఫలమా? వెనక్కి తిరిగి చూడవయ్యా, ఇంతమంది ఎక్కడినుంచి వచ్చారో అడుగు, అనాలి. మాట గొంతు దాకా వచ్చింది. మైకు కూడా చేతికొచ్చింది. అప్పుడు చూశాను, వాళ్లందరూ నా వైపు చూస్తున్నారు. ఎక్కడినుంచి వచ్చారో అడుగు అంటే, వీళ్లందరినీ నేనే మైకులో చదివినట్టు. నా కథ చెప్తానా? నా కథలో ఇంకా ముగ్గురున్నారు.

ఫ్యాను కోసం చూశాను. షామియానాలో ఫ్యాను లేదు.

"అన్న మంచిగ వినేటోడు" అన్నాను. మైకు ఇచ్చేసి కూచున్నాను. నా నోట్లోంచి ఇంత చిన్న ఉపన్యాసం ఇదివరకెన్నడూ రాలేదు.

భోజనాలు ఎవరి మూలకు వాళ్లు తిన్నారు. వదిన అందరికీ చింతకాయ తొక్కు వేయించింది. ఒక్కరూ వద్దనలేదు.

సాయంత్రం హన్మకొండ బస్సు ఎక్కాను. నా వెనకే వాళ్లూ ఎక్కారు, ఒక్కొక్కరుగా, దూరం దూరంగా కూచున్నారు. మా దిక్కున బస్సులో పక్క మనిషి కూచోగానే అడిగే మొదటి మాట మీదే ఊరని. ఊరి తర్వాత అత్తగారు, అత్తగారి తర్వాత ఆడబిడ్డ, పరకాల వచ్చేసరికి ఏదో ఒక చుట్టరికం తేలిపోవాలి. నా పక్కన కూచున్నది తండా ముసలమ్మల్లో ఒకామె. ఆమె నన్నడగలేదు. నేను ఆమెనడగలేదు. బస్సులో ఎవరూ ఎవరినీ అడగలేదు.

కండక్టరు వచ్చాడు. ఆమె ఆధార్ కార్డు చూపించి "మానుకోటకియ్యి బిడ్డా" అంది.

"మానుకోట పోదవ్వా, హన్మకొండ దాకనే. ఆడ మారాలె." ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్ కొడుతూ ఆమెను వింతగా చూశాడు. "గంత దూరంకెళ్లి ఒక్కదానివే వచ్చినవా? ఏం పని మీద?"

బస్సులో సగంమంది తలలు కిటికీల వైపు తిరిగాయి. నా తల కూడా.

"అయింది పో" అంది ముసలమ్మ. "టికెట్ ఇయ్యి."